పదహారుమంది వెనక ముస్తాక్

నార్మ్ ఫోన్ చేసినప్పుడు జరీనా ఇంకా బూట్లు విప్పలేదు. సిడ్నీలో ఆమె పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో ఆ పూట బట్టలు ఆరబెట్టే యంత్రం ఒకటి మొరాయించింది. తడి దుప్పట్లన్నీ చేతులతో లాగి పక్క యంత్రంలోకి ఎత్తాల్సి వచ్చింది. నడుము కర్రలా బిగుసుకుపోయింది. ఫోను పక్కనున్న స్టూలు మీద కూలబడి, రిసీవరు చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని వింది.

నార్మ్ బ్యాండు లీడరు. డెబ్బై రెండేళ్ల మనిషి, ట్రంపెట్ వాయిస్తాడు. జరీనా భర్త ముస్తాక్ ఇరవై అయిదేళ్లుగా ఆ బ్యాండులోనే డ్రమ్స్ వాయిస్తున్నాడు.

“నవంబరు ఆఖరి ఆదివారంతో సరి, లవ్,” అన్నాడు నార్మ్. “క్లబ్బువాళ్లు హాలు తీసేసుకుంటున్నారు. జూదం మెషీన్లకి చోటు చాలట్లేదట. ఆ ఆఖరి రోజు మిక్ పేరు మీద జరుపుదామని మన కుర్రాళ్లంతా అన్నారు.” కుర్రాళ్లంటే అందరూ అరవై దాటినవాళ్లే. “వచ్చినవాళ్లకి పంచడానికి అతని గురించి ఒక పేజీ కావాలి. అతన్నడిగితే ఏమీ లేదంటాడు. నువ్వే రాసివ్వాలి.”

కాదనడానికి కూడా ఓపిక ఉండాలి. జరీనా సరేనంది.

మిక్ అంటే ముస్తాకే. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో మొదటిసారి పేరు అడిగినప్పుడు అతను చెప్పింది నార్మ్ చెవికి ‘మిక్ స్టాక్’ అని వినపడింది. క్లబ్బు బయట బోర్డు మీద అదే రాశారు. ముస్తాక్ ఆ బోర్డు చూసి, సరిదిద్దితే మళ్లీ రంగు పూయాలి కదా పాపం, అనుకుని ఊరుకున్నాడు. అలా ఊరుకున్నది పాతికేళ్లయింది.

అతను పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్లు పెడుతున్నాడు. వెనక నుంచి పిలిస్తే వినపడదు గనక జరీనా చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడింది. పెదవులు బాగా కదిపి, మాటమాటా విడదీసి నార్మ్ అన్నదంతా చెప్పింది.

“బ్యాండు ఆగిపోతోందా?”

“నవంబరుతో.”

“ఊఁ.”

“మీ గురించి ఓ పేజీ రాయమన్నాడు.”

“ఏవుంది రాయడానికి? కర్రలు పట్టుకున్నాను, కొట్టాను. అంతేగా,” అని ముస్తాక్ మళ్లీ పైపు మొక్క మీదికి తిప్పాడు. అప్పటికే పాదు నిండి నీళ్లు గట్టు దాటి పోతున్నాయి.

శనివారం సాయంత్రం కొడుకు రుమాన్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లవాడు, ఇక్కడే పుట్టినవాడు. ఏడాది క్రితమే పారమట్టాలో ఒక కంపెనీలో చేరాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందల సంవత్సరం అనుకుని తలకిందులైపోతాయని ఆ ఏడు అందరికీ భయం. ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి వెతికి సరిచేయడం రుమాన్ పని. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వీసాల మీద వచ్చిన పాతికమందితో కలిసి ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉండేవాడు. కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి.

“అమ్మా, నువ్వు చెప్పు, ఐ విల్ టైప్. ఓకే? డేట్ ఆఫ్ బర్త్?”

“జూలై ఒకటి, ముప్ఫై ఎనిమిది.”

“రియల్ డేట్ ఆ?”

“కాదు. బళ్లో చేర్చేటప్పుడు మాష్టారు వేసింది. చింతచిగురు కోసే రోజుల్లో పుట్టాడనేది మీ నానమ్మ. ఏ ఏడో ఆవిడకే తెలీదు.”

రుమాన్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. “రోజంతా రాంగ్ డేట్సే చూస్తున్నా. ఇంటికొస్తే ఇక్కడ కూడానా!”

అయినా టైపు చేశాడు. జరీనా చెబుతూ పోయింది.

వేటపాలెం దగ్గర దూదేకులవాళ్ల ఇల్లు వాళ్లది. ముస్తాక్ తండ్రి మౌలాలి సన్నాయి పక్కన డోలు వాయించేవాడు. గుళ్లో ఉత్సవమైనా, ఊళ్లో పెళ్లయినా, పీర్ల పండగైనా ముందు నడిచేది వాళ్ల మేళమే. పదిహేనో ఏట ముస్తాక్ డోలు వద్దని గుంటూరు పోయి బ్యాండు సెట్టులో చేరాడు. ఎర్రకోటు, భుజాన జలతారు కుచ్చులు, మెడలో సైడ్ డ్రమ్ము. పెళ్లి ఊరేగింపుల్లో ఆరేళ్లు నడిచాడు. ఒక పెళ్లికి మద్రాసు వెళ్లినప్పుడు, దొరలు డాన్సు చేసే హోటల్లో డ్రమ్మరు ఇంగ్లండు వెళ్లిపోయాడనీ, ఇంకొకడు కావాలనీ విన్నాడు. మర్నాడు వెళ్లి నిలబడ్డాడు. అక్కడి బ్యాండు మాస్టరు గోవా ఆయన. కూర్చోమని డ్రమ్స్ చూపించాడు.

“అప్పటిదాకా మీ నాన్న కూర్చుని వాయించి ఎరగడు,” అంది జరీనా. “కర్ర చేతిలో పడితే కాళ్లు నడవాల్సిందే. వాయిస్తూ వాయిస్తూ లేచిపోయేవాడట. మాస్టరు చూసి చూసి, తువ్వాలు పెట్టి నడుముని కుర్చీకి కట్టేశాడట. వారం రోజులు అలాగే.”

“నో వే!” రుమాన్ నవ్వాడు. చాలా రోజుల తరవాత నవ్వు. “నాన్న నాకెప్పుడూ చెప్పలేదు.”

“నాకూ ఆయన చెప్పలేదు. ఆయనతో ఓడలో పనిచేసిన ఒకాయన చెప్పాడు.”

ఓడ సంగతి తరవాతది. అరవై ఆరులో పెళ్లి. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగమని పెళ్లిళ్ల పేరయ్యలా తిరిగే ముస్తాక్ మేనమామ ఒకాయన చీరాలలో జరీనా తండ్రికి చెప్పాడు. అబద్ధమేమీ కాదు. డెబ్బైలో హోటలు డాన్సులు మూతపడితే ముస్తాక్ ప్రయాణికుల ఓడలో బ్యాండుకి వెళ్లాడు. సింగపూరు, ఫ్రీమాంటిల్, సిడ్నీ. డెబ్బై నాలుగులో ఓడ మరమ్మతుకని మూడు వారాలు సిడ్నీలో ఆగింది. నార్మ్ బ్యాండులో డ్రమ్మరు అప్పుడే చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఒక ఆదివారానికి పిలిచారు. ఓడ వెళ్లిపోయింది, ముస్తాక్ మిగిలాడు. కాయితాలు నార్మ్ చూసుకున్నాడు. రెండేళ్లకి జరీనా అయిదేళ్ల అలీజా చెయ్యి పట్టుకుని విమానం దిగింది.

రుమాన్ టైపు చేస్తున్నవి ఇవి. జరీనాకి గుర్తొస్తున్నవి వేరే.

ముస్తాక్‌కి కారు నడపడం రాలేదు. మూడుసార్లు పరీక్షకి వెళ్లి మూడుసార్లూ తప్పాడు. చేతులూ కాళ్లూ నాలుగూ నాలుగు పనులు చేసే మనిషికి స్టీరింగు ముందు ఏమవుతుందో ఎవరికీ అర్థం కాలేదు. డెబ్బై తొమ్మిదిలో జరీనా నేర్చుకుంది. వెనక పొడుగ్గా ఉండే పాత కింగ్స్‌వుడ్ బండి కొన్నారు. అప్పటినించీ పెద్ద డ్రమ్ము ఒక చివర ఆమె, ఒక చివర అతను. మెట్లు దిగేటప్పుడు ముందు ఆమె, వెనక అతను. ఇనప కాళ్లూ స్టాండ్లూ ఉండే పొడవాటి పెట్టె అన్నిటికన్నా బరువు. అది మాత్రం ఆమె ఒక్కతే మోసేది, అతని మణికట్లకి దెబ్బ తగలకూడదు గనక. సెలవురోజు పనికిచ్చే ఎక్కువ కూలీ ఎవరినీ అడగలేని పని అది. పగలంతా లాండ్రీలో ఎత్తినవి ఎత్తి, వారం చివర డ్రమ్ములు ఎత్తేది.

మొదట్లో క్లబ్బులోకి వెళ్లేది కాదు. బీరు వాసన పడేది కాదు. కార్లో కూర్చుని పిల్లలకి అన్నాలు తినిపించేది. జూలై అంటే అక్కడ చలికాలం. ఒక జూలైలో చలికి అలీజా దగ్గుతుంటే బారులో పనిచేసే షర్లీ వచ్చి అద్దం తట్టి, బలవంతాన లోపలికి తీసుకెళ్లింది. వెనక కుర్చీలు పేర్చే గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ గదిలోనే జరీనా పొద్దువాలేటప్పటి అసర్ నమాజు చేసుకునేది. రెండో వారానికల్లా షర్లీ ఉతికిన తెల్లటి మేజాగుడ్డ ఒకటి అల్మరాలో విడిగా మడతపెట్టి, మీద ‘జరీనాది, తీయవద్దు’ అని చీటీ అంటించింది. షర్లీ పోయి ఆరేళ్లయింది.

అప్పట్లో బ్యాండు మొత్తం పదిహేడుమంది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు మూడు వరసలుగా మెరిసిపోతుంటే, అందరి వెనకా ఎత్తు బల్ల మీద ముస్తాక్ తల మాత్రం కనపడేది. ఆదివారం మధ్యాహ్నాలు హాలంతా జంటలు తిరిగేవి. తరవాత్తరవాత జంటల్లో ఒకరు మిగిలి, ఒంటరిగా వచ్చి గోడ పక్కన కూర్చునేవారు. కొన్నాళ్లకి వాళ్లూ రావడం మానేసేవారు. బ్యాండు పదమూడైంది, పదకొండైంది. హాలుకి మధ్యలో చెక్క గోడ కట్టి అవతల సగం జూదం మెషీన్లకిచ్చారు. నెమ్మది పాట మధ్యలో అవతల ఎవరికో డబ్బులు పడి గంటలు మోగేవి. నార్మ్ కనుబొమలు ఎగరేసి పాట కొనసాగించేవాడు.

“అమ్మా, వేరే జాబ్ కూడా చేశాడు కదా నాన్న?” అన్నాడు రుమాన్.

చేశాడు. డబ్బాల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు. రేకు కోసి, వంచి, పళ్లముక్కల డబ్బాలు చేసే చోటు. అయిదుగంటలకి లేచి వెళ్లేవాడు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవాళ్లు కానీ పెట్టుకుంటే ఫోర్‌మన్ కేక వినపడదని ఎవరూ పెట్టుకునేవారు కాదు. పగలు రేకుల మోత, వారం చివర వీపు వెనక గోడ, ముందు పదహారుమంది. చెవులు రెండూ ఎప్పుడు అలిసిపోయాయో అతనికే తెలీదు.

జరీనాకి తెలిసింది తొంభై ఆరులో. కుక్కరు కూతలు లెక్కపెట్టి దించమని చెప్పి స్నానానికి వెళ్లింది. వచ్చేసరికి వంటింట్లో పొగ. ముస్తాక్ పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

డాక్టరు చెవిమిషన్లు ఇచ్చాడు. వాటితో మాటలు కొద్దిగా వినపడేవి గానీ, డ్రమ్స్ ముందు కూర్చుంటే సింబల్స్ మోత కత్తి దింపినట్టుండేదట. తీసి జేబులో వేసుకునేవాడు. ఆ వారం కార్లో వస్తూ అన్నాడు:

“నార్మ్‌కి చెప్పకే.”

“వాయించడం ఎలా మరి?”

“పాటలన్నీ తెలిసినవే. ముందు బల్ల దగ్గర నువ్వు కూచో. నేను చూసుకుంటా.”

అలా మొదలైంది. అల్లిక పట్టుకుని జరీనా ప్రతి ఆదివారం ముందు బల్ల దగ్గర కూచునేది. వేగం పెరిగితే అల్లికసూదులు బల్ల మీద పెట్టేది. తగ్గితే టీ కప్పు ఎత్తేది. పాట చివరికొస్తుంటే కళ్లద్దాలు తీసేది. ముస్తాక్ కుడికాలి బూటు విప్పేసి, పక్కనున్న నిలువెత్తు బేస్ ఫిడేలు అదురు చెక్క లోంచి అరికాలికి తగిలేలా పెట్టుకునేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. మూడేళ్లు. వారంలో ఆమెకి దొరికే ఒక్క ఖాళీ మధ్యాహ్నం, రెప్ప వేయడానికి కూడా భయపడే కాపలా అయిపోయింది. రాత్రంతా రైల్లో పోవాల్సిన క్రెయిగీబర్న్‌లో అలీజా రెండో బిడ్డని కన్నప్పుడు కూడా, “వారం మధ్యలో వస్తానమ్మా, ఆదివారానికి తిరిగెళ్లిపోవాలి,” అంది జరీనా. ఎందుకో చెప్పలేదు. అలీజా నొచ్చుకుంది.

ఇవేవీ రుమాన్‌తో అనలేదు. పేజీ పూర్తయింది. ‘మహా ప్రతిభావంతుడైన డ్రమ్మర్’ అని ఇంగ్లీషులో మొదలెట్టి రుమాన్ బాగానే రాశాడు. అచ్చు తీసి తండ్రికిచ్చాడు.

ముస్తాక్ కళ్లద్దాలు పెట్టుకుని, వేలు వరస కింద జరుపుకుంటూ చదివాడు. పెన్ను తీసుకుని మొదటి వాక్యం కొట్టేశాడు.

“ఎందుకు నాన్నా?” రుమాన్ గట్టిగా అడిగాడు.

“నేను ఒక్కసారి కూడా సోలో వాయించలేదురా. అందరూ ఆపేసి ఒక్కణ్నే వాయించమంటే చేతులు ఆడవు నాకు. బ్యాండు సాఫీగా నడిచిందనుకో, డ్రమ్మరున్నాడన్న సంగతే ఎవరికీ తట్టదు. డ్రమ్మరు వైపు చూశారంటే ఏదో తేడా వచ్చిందన్నమాట. ప్రతిభావంతుడేంటి! పని చేశాను.”

“బట్ పీపుల్ వాంట్ టు...”

“మౌలాలి కొడుకని రాశావు. అది ఉంచు. పేరు మిక్ స్టాక్ అనే వెయ్యి. ఇంకో పేరు వేస్తే వచ్చినవాళ్లు ఎవరో అనుకుంటారు.”

“మీ పేరు వేస్తే తప్పేంటి?” అంది జరీనా. అతనికి వినపడలేదు, లేక వినపడనట్టు ఊరుకున్నాడు. రుమాన్ తల్లి వైపు చూసి, రెండు పేర్లూ పక్కపక్కన వేశాడు.

నవంబరు ఆఖరి ఆదివారం ఎండ మండిపోయింది. జరీనా, రుమాన్ కలిసి డ్రమ్ములు మోశారు. రుమాన్ ఆఫీసుకి ఏదో అబద్ధం చెప్పి వచ్చాడు. ఇనప పెట్టె ఎత్తబోయి, “వాట్ ద హెల్, అమ్మా! ఇది నువ్వు మోసేదానివా?” అని అక్కడే దింపాడు. జరీనా అలవాటుగా వంగి దాన్ని తీసుకుని నడిచింది.

పాతవాళ్లు ముగ్గురు తిరిగొచ్చారు. మొత్తం పద్నాలుగుమంది అయ్యారు. ఒకాయన ఆక్సిజన్ సీసా పక్కన పెట్టుకుని శాక్సఫోన్ పట్టుకున్నాడు. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. జరీనా ముందు బల్ల దగ్గర సూదులు, కప్పు, కళ్లద్దాలు సర్దుకుని కూర్చుంది. గంటసేపు పాటలు నడిచాయి, ఏ తేడా రాలేదు. వీపంతా చెమట.

అప్పుడు నార్మ్ మైకు దగ్గరికొచ్చాడు. రుమాన్ రాసిన పేజీలోంచి కొన్ని మాటలు చదివాడు. కుర్చీకి తువ్వాలుతో కట్టిన సంగతికి హాలంతా నవ్వింది. ముస్తాక్ వెనక కూర్చుని అందరితోపాటు నవ్వు మొహం పెట్టాడు. తరవాత నార్మ్ కాయితం మడిచి అన్నాడు:

“ఇందులో లేనిది ఒకటి చెప్తాను. మూడేళ్లుగా మిక్‌కి మా వాయిద్యం ఒక్కటి కూడా వినపడదు. అదృష్టవంతుడు. మమ్మల్ని వినే శిక్ష తప్పించుకున్నవాడు అతనొక్కడే.”

జనం మళ్లీ నవ్వారు. జరీనా చేతిలో సూది ఆగిపోయింది.

“మాకు తెలుసని మేం చెప్పలేదు, వినపడదని అతనూ చెప్పలేదు. బేస్ ఫిడేలు వాయించే లెస్‌ని పక్కకి జరిపి, దాని కింది మేకు డ్రమ్స్ ఉండే బల్ల మీదే దింపమన్నాను. వినపడకపోతేనేం, కాలికి తగులుతుందని. వినపడే రోజుల్లో ఎలా వాయించాడో ఇప్పుడూ అలాగే వాయిస్తున్నాడు. ఇంకేం కావాలి?”

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. జరీనా లేవలేదు. ఆనందం కాదు ఆమెకి కలిగింది. ఒంట్లోంచి ఏదో జారిపోయినట్టయింది, దాని వెనకే కోపం వచ్చింది. మూడేళ్ల ఆదివారాలు. అలీజా బిడ్డ మొహం సరిగా చూడకుండా రైలెక్కి తిరిగొచ్చిన ఆదివారం. జ్వరంతో వణుకుతూ కప్పు ఎత్తిన ఆదివారం. నార్మ్ మంచినీళ్లు తాగడానికి బల్ల దగ్గరికి రాగానే చెయ్యి పట్టుకుంది.

“నాకెందుకు చెప్పలేదు?”

నార్మ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. “మీరిద్దరూ అంత కష్టపడి దాస్తున్నారు కదా, లవ్. తెలిసిపోయిందంటే చిన్నబుచ్చుకుంటారనుకున్నాను.”

“ఒక్కరోజు చెప్పి ఉంటే, ఆ రోజు ఇంట్లో పడుకునేదాన్ని,” అంది జరీనా. ఇంగ్లీషులో ఆ మాట చాలా పొడిగా వచ్చింది. నార్మ్ ఆమె పక్కన కుర్చీలో కూర్చుండిపోయాడు. “సారీ,” అన్నాడు. అతని చేతుల మీద నీలపు నరాలు, వయసు మచ్చలు. ఈయనా అలిసిపోయాడు, అనుకుంది జరీనా. కోపం పూర్తిగా పోలేదు గానీ, పట్టుకుని ఉండే శక్తి పోయింది.

ముస్తాక్ బల్ల మీది నుంచి ఆమె వైపే చూస్తున్నాడు. ఏమన్నాడు, అని చేతితో అడిగాడు. జరీనా పంచిన కాయితం ఒకటి తిరగేసి వెనక తెలుగులో రాసింది: ‘మొదట్నించీ అందరికీ తెలుసట.’ రుమాన్ తీసుకెళ్లి ఇచ్చాడు.

ముస్తాక్ రెండుసార్లు చదివాడు. నార్మ్ వైపు చూశాడు. పక్కన లెస్ వైపు, వాడి ఫిడేలు మేకు వైపు చూశాడు. కాయితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, రెండో బూటు కూడా విప్పేశాడు.

ఆఖరి పాట మొదలైంది. ఈసారి అతను ఎవరినీ చూడలేదు, కళ్లు మూసుకున్నాడు. నాలుగు వరసలు మామూలుగా నడిచాయి. ఆ తరవాత వేగం పెరిగింది. జరీనా చెయ్యి అలవాటుగా సూదుల మీదికి పోయింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఇంకా పెరిగింది. ట్రాంబోన్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆక్సిజనాయన వాయించడం ఆపి నవ్వుతూ గొట్టం ముక్కుకి పెట్టుకున్నాడు. తిరుగుతున్న జంటలు అందుకోలేక ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బ్యాండంతా రొప్పుతూ అతని వెంట పరిగెత్తింది. అది బాగుందని ఎవరూ అనలేరు. సగంమంది ఒక చోట ముగించారు, సగంమంది ఇంకోచోట. ముస్తాక్ ఇంకా నాలుగు దెబ్బలు కొట్టి, అరికాలి కింద ఏ అదురూ లేకపోవడంతో కళ్లు తెరిచాడు.

“ఎక్కువైందా?” అన్నాడు తెలుగులో, నార్మ్‌తోనే.

ఇంటికెళ్లే దారిలో సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు ముస్తాక్, “నిన్ను అనవసరంగా కూచోబెట్టాను,” అన్నాడు.

“ఊఁ,” అంది జరీనా. కాదని అనలేదు.

డిసెంబరు గడిచింది. రెండు వేల సంవత్సరం వచ్చింది. దీపాలు ఆరిపోలేదు, బ్యాంకులు మునిగిపోలేదు. రుమాన్ రెండు రోజులు లేవకుండా పడుకున్నాడు. లేచాక, “ఏమీ జరక్కపోవడానికే ఏడాది పని చేశాం. ఎవడికీ తెలీదు,” అన్నాడు. తండ్రి ఆ మాట విన్నాడో లేదో గానీ కొడుకు భుజం మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు. ఫిబ్రవరికల్లా రుమాన్‌కి నార్త్ సిడ్నీలో ఒక కొత్త వెబ్‌సైటు కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో రెజ్యూమే పంపితే చాలు, పిలుపొచ్చేది. డ్రమ్ములు ఒక హైస్కూలువాళ్లు పట్టుకెళ్లారు. గ్యారేజీలో వాటి చోటు ఖాళీగా ఉంటే జరీనా అక్కడ బట్టలారేసే తాడు కట్టింది. ఏప్రిల్‌లో లాండ్రీ ఉద్యోగం మానేసింది. క్రెయిగీబర్న్ వెళ్లి నెల రోజులుండి వచ్చింది. అలీజాకి ఆదివారాల సంగతి అప్పుడు చెప్పింది. అలీజా తల్లి నడుముకి చాలాసేపు నూనె రాసింది.

ఆగస్టులో, ఊరంతా ఒలింపిక్స్ హడావుడిలో ఉండగా, క్లబ్బు నుంచి ఫోనొచ్చింది. కొత్త మేనేజరట, చలాకీ గొంతు. ఆటలు చూడ్డానికి బయటి ఊళ్ల నుంచి జనం వస్తారు, పాతకాలపు డాన్సు ఒకటి పెడదామనుకుంటున్నాం, మిక్ వస్తే బాగుంటుంది, నార్మ్ కూడా సరేనన్నాడు, డ్రమ్స్ మేమే తెప్పిస్తాం, అన్నాడు.

పాతికేళ్లలో అలాంటి ఫోను ఎప్పుడొచ్చినా జరీనా, “ఆగండి, ఆయన్నడుగుతాను,” అనేది.

“రాడండీ,” అంది ఈసారి.

“ఒకసారి ఆయన్ని అడిగితే...”

“రాడు. మేమిద్దరం బాగా అలిసిపోయాం. అడిగినందుకు థ్యాంక్స్.”

ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. ముస్తాక్ బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఎదురు కుర్చీలో కూర్చుని, అతను తలెత్తేదాకా ఆగి చెప్పింది. ఎవరు చేశారో, ఏమడిగారో, తనేమందో అన్నీ. అడక్కుండా చెప్పేశాననీ చెప్పింది.

ముస్తాక్ చేతిలోని చిక్కుడుకాయ పూర్తిచేశాడు.

“మంచి పని చేశావు,” అన్నాడు. ఇంకో కాయ అందుకుంటూ, “మధ్యాహ్నం నిద్రపోతావా?”

“పోతాను.”

“సరే. నేనూ పడుకుంటా. ఇవి రాత్రికి చేద్దాం,” అని గిన్నె మీద మూత పెట్టాడు.